అలిగినవారి నిడివి

రాజకీయ బెదిరింపు వచ్చినప్పుడు సినిమా స్టూడియో ఎలా నడుచుకోవాలి అన్న విషయంలో ప్రపంచానికి ఇంతవరకూ సరైన ఆదర్శం లేదు. పెద్ద పెద్ద దేశాల స్టూడియోలు సైతం ఒకరోజు ధైర్యంగా ప్రకటన ఇచ్చి, మరుసటి రోజు అంతకంటే ధైర్యంగా దాన్ని వెనక్కి తీసుకుని, చూసేవాళ్ళను అయోమయంలో పడేశాయి. ఈ లోటును కర్ణాటకలోని పావగడ తాలూకా వై.ఎన్.హొసకోటలో, బస్టాండు ఎదురుగా, మందుల అంగడి మిద్దె మీద ఉన్న నయన డిజిటల్ స్టూడియో తీర్చిందని తెలియజేయడానికి సంతోషంగా ఉంది.

స్టూడియో యజమాని గోపికృష్ణ. పెళ్ళిళ్ళు, నామకరణాలు, గృహప్రవేశాలు అతని వృత్తి. సినిమా అతని రహస్యం. ఈ చుట్టుపక్కల ఏ పెళ్ళిలోనైనా తాళి కట్టే సమయానికి ఒక వీపు అడ్డం వచ్చి చుట్టాలకేమీ కనిపించకపోతే, ఆ వీపు గోపికృష్ణది. ఆ పని అతనికి ఒక శాస్త్రం నేర్పింది. పెళ్ళన్నాక ఎవరో ఒకరు అలుగుతారు. దండ వేయలేదని మేనమామ, ముందు వరసలో కుర్చీ దొరకలేదని పెద్దబావ, ఒబ్బట్టు రెండోసారి వడ్డించలేదని ఊరి పెద్ద. ఇలా అలిగినవాళ్ళు వీడియో చూసేనాడు మళ్ళీ అలుగుతారు. అందుకని స్టూడియోలో ఒక నియమం ఏర్పడింది: అలిగినవాడికి నిడివి పెంచు. నవ్వుతూ భోంచేసి పోయిన చుట్టం వీడియోలో ఇలా మెరిసి అలా మాయమవుతాడు. అలిగి బస్టాండు దాకా పోయినవాడు మాత్రం గులాబీ రేకుల వానలో, మెల్లగా, ఒక పాట పొడుగునా నడుచుకుంటూ వస్తూనే ఉంటాడు. అసలు పెళ్ళికే రాని బావను తెచ్చి పెళ్ళికొడుకు పక్కన నిలబెట్టిన ఘనత కూడా ఈ స్టూడియోదే. కొంతకాలానికి ఆ బావ ఆ ఫోటో చూసి, తాను వెళ్ళినట్టే జ్ఞాపకం తెచ్చుకున్నాడు. సాంబారు బాగుందని కూడా చెప్పాడు.

ఇలాంటి స్టూడియో నుంచి ‘ఎండ తెచ్చినోడు’ అనే సినిమా వచ్చింది. వచ్చింది అనకూడదు, రావలసింది.

కథ చిన్నది. సోలార్ పార్కు పక్కన ఒక ఊరు. ఒక నాయకుడు ఆ ఊరికి వచ్చి, ఈ తాలూకాకు ఎండను తెప్పించింది తానేనని ఉపన్యాసం ఇస్తాడు. జనం నమ్ముతారు. ఏప్రిల్ నెలలో కొంచెం తగ్గించి ఇమ్మని మనవి చేసుకుంటారు. పై అధికారులతో మాట్లాడతానని ఆయన హామీ ఇస్తాడు. ఊరి నాటకాల్లో ఎప్పుడూ రాజు వేషం కట్టే దాసప్ప ఆ నాయకుడి వేషం వేశాడు. కిరీటం లేకుండా ఎలా నిలబడాలో తెలియక మొదటి రోజంతా తల తడుముకుంటూ ఉన్నాడు. ఆ తడుముకోవడం పాత్రకు బాగా కుదిరింది.

చివరి సీనులో గోపికృష్ణ పెద్దమ్మ తిప్పమ్మ ఉంది. ఆమె ఊరు రాయచెర్లు. భూమి సోలార్ పలకల కిందికి పోయింది. ఏడాదికోసారి బాడుగ వస్తుంది. గొర్రెలు ఒక మంద ఉండేవి, కంచె పడ్డాక చేతివేళ్ళకు సరిపడా మిగిలాయి. సీనులో ఆమె పని తన గొర్రెలతో గుంపులో నిలబడడమే. కానీ దాసప్ప ఉపన్యాసం జోరందుకున్న వేళ, అది సినిమా అన్న సంగతి మరిచిపోయిందో, లేక గుర్తుండబట్టే ధైర్యం వచ్చిందో, ముందుకు వచ్చి అడిగింది.

“ఎండ నువ్వే తెచ్చినావు, సరేప్పా. మరి అంతకుముందు మా తాత నెత్తి దేనికి కాలె?”

దాసప్ప కిరీటం కోసం తల తడుముకున్నాడు. కెమెరా వెనక గోపికృష్ణ కట్ చెప్పడం మరిచిపోయాడు. తాను రాయలేని వాక్యం తన సినిమాలోకి గొర్రెల్ని తోలుకుంటూ వచ్చింది. ఆ వాక్యం కోసమే ఇన్నాళ్ళూ పరాయివాళ్ళ పెళ్ళిళ్ళు తీశానని అతనికి అనిపించింది. తిప్పమ్మకు కూడా అలాంటిదే ఏదో అనిపించి ఉండాలి. ఆ రోజు నుంచి షేర్ ఆటోలో పక్కన కూర్చున్న ప్రతి మనిషికీ చెబుతూ వచ్చింది: “సినిమాలో నా మాట ఉండాది. పెద్ద తెర మింద మొగం కూడా పడ్తాది.”

ఇక బెదిరింపు విషయం. ఒకరోజు పొద్దున గోపికృష్ణ భార్య నయన కంప్యూటరు తెరిచింది. ఎడిటింగంతా ఆమెదే. స్టూడియో పేజీలో పెళ్ళికూతురి బొమ్మ ఉండాల్సిన చోట వెంకటేశప్ప చేతులు జోడించి నవ్వుతున్నాడు. వెంకటేశప్ప ఈ ప్రాంతపు నాయకుడు. ప్రస్తుతం ఏ పదవీ లేదు, కానీ అన్ని పదవులకూ తగినవాడు. బొమ్మ కింద ఒక హెచ్చరిక ఉంది: సినిమా బయటికి వస్తే స్టూడియో లోపల ఉండదు.

“ఏందిది? మన పేజీనేనా?” అంది నయన.

హెచ్చరిక కన్నడంలో ఉంది. దాంతో అది మామూలు తిట్టు కాదని ఇద్దరికీ అర్థమైంది. ఇక్కడ అందరూ తెలుగులోనే తిట్టుకుంటారు. కన్నడంలో వచ్చిందంటే విషయం ఆఫీసు స్థాయికి చేరినట్టే.

ఏ నిపుణుడికీ అందని హ్యాకింగ్ ఇదని తర్వాత ఊళ్ళో చెప్పుకున్నారు. హ్యాకింగ్ అన్న మాటకు గౌరవం దక్కాలంటే ముందు తాళం ఉండాలి. స్టూడియో పేజీకీ, పెళ్ళి వీడియోలూ సినిమా దాచిన చోటికీ ఒకటే పాస్‌వర్డు: ‘నయన’ తర్వాత ఒకటి రెండు మూడు. పెళ్ళివాళ్ళు వీడియోలో పాటలు తామే చూసి ఎంచుకోవడానికి ఆ మాటను మంచినీళ్ళు ఇచ్చినట్టు అందరికీ ఇచ్చారు. వాళ్ళు వియ్యంకులకు ఇచ్చారు. వియ్యంకుల వైపు నందీష్ అనే యువకుడు ఉన్నాడు. అతను వెంకటేశప్ప యువసేన కార్యదర్శి. పోయిన మాఘమాసంలో అతని పెళ్ళి వీడియో కూడా ఈ స్టూడియోలోనే తయారైంది.

ఆ నందీషే మధ్యాహ్నానికి పరామర్శకు వచ్చాడు.

“గోపన్నా, ఇది చానా అన్యాయం. ఎవురో దుండగులు చేసినారు. మేము ఖండిస్తా ఉండాము. కానీ ఒక మాటన్నా. ఆ ముసలామె సీను ఉండాది సూడు, గొర్రెలతో వస్తాదే, అది మాత్రం బాగలేదు.”

“ఆ సీను మేమింకా ఎవురికీ చూపీలేదే,” అంది నయన.

నందీష్ కాసేపు సీలింగు ఫ్యాను వైపు చూశాడు. “జనం చెప్పుకుంటాంటే విన్యా,” అన్నాడు.

అతను వెళ్ళాక గోపికృష్ణ ఆ హెచ్చరికను మళ్ళీ చదివాడు. మొదట తనలో కలిగింది భయం కాదని అతను గమనించాడు. అది గర్వం. ఇన్నేళ్ళలో తన పనిని ఇంత శ్రద్ధగా, చివరి సీను దాకా చూసిన ప్రేక్షకుడు ఇంకొకడు లేడు. భయం సాయంత్రానికి వచ్చింది. భయం భయంలాగే వస్తే గుర్తుపట్టి తలుపేసుకోవచ్చు. అతని దగ్గరికి అది కళాదృష్టి వేషంలో వచ్చింది. ఆ చివరి సీను కొంచెం పొడుగైందేమో అనిపించింది. తిప్పమ్మ మాట సహజంగా ఉన్నా శిల్పం దెబ్బతింటోందేమో అనిపించింది. ఇలా అనిపించడం ఇవాళే ఎందుకు మొదలైందని అతను తనను తాను అడగలేదు. అడిగితే జవాబు చెప్పేవాడు కూడా లోపల కూర్చుని ఉన్నాడని అతనికి తెలుసు.

నయన పట్టుపట్టడంతో పోలీసుల దగ్గరికి వెళ్ళాడు. అక్కడి అధికారి ఎంతో మర్యాదగా కూర్చోబెట్టి, టీ తెప్పించి, ఎవరి మీద అనుమానమని అడిగాడు. గోపికృష్ణ పేరు చెప్పబోయాడు. అధికారి చెయ్యెత్తి ఆపాడు. “పేరు చెప్తే అది కేసు అయితాదప్పా. చెప్పకపోతే శాంతి అయితాది. మీకు యాది కావల్ల?” గోపికృష్ణ శాంతి కోరుకున్నాడు. అధికారి అతని పౌరబాధ్యతను మెచ్చుకుని, తన కూతురి నిశ్చితార్థానికి డ్రోన్ కెమెరా దొరుకుతుందా అని విచారించాడు.

ఈలోగా, జనానికి కోపం రావాలనే సదుద్దేశంతో, దుండగులు ఆ చివరి సీనును తాలూకా అంతటా ఫోన్లలో పంచిపెట్టారు. ‘మన నాయకుడికి జరిగిన అవమానం చూడండి’ అని పైన రాశారు. జనం చూశారు. ఒకసారి చూస్తే కోపం రాక మళ్ళీ చూశారు. పక్కవాళ్ళకు వస్తుందేమోనని వాళ్ళకూ పంపారు. మంగళవాడ బస్సులో, చెనక్కాయల మండీలో, సోలార్ పలకలు కడిగే కూలీల మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆ అవమానం మోగుతూనే ఉండింది.

ఇక స్టూడియో ఏం చేయాలి? సినిమా ఆపేయాలా, ధైర్యంగా వేయాలా? ప్రపంచంలోని స్టూడియోలన్నీ ఈ రెండింటి మధ్యే కొట్టుమిట్టాడాయి. గోపికృష్ణకు మూడో దారి కనిపించింది. ఎందుకంటే అతను ఈ మొత్తం వ్యవహారాన్ని తనకు తెలిసిన పద్ధతిలో చూశాడు. ఇందులో రాజకీయం లేదు. పెళ్ళిలో పెద్దమనిషి అలిగాడు, అంతే.

కొబ్బరికాయ, అరటిపండ్లు, శాలువా పళ్ళెంలో పెట్టుకుని వెంకటేశప్ప ఇంటికి వెళ్ళాడు. నాయకుడు శాలువా కప్పించుకుని, ఎదురుగా ఉన్న ముగ్గురు మనుషులనూ సభగా భావించి ప్రసంగించాడు. “భావస్వాతంత్ర్యానికి నేను ఏనాడూ వ్యతిరేకిని కాను. భావాలు నావే అయితే మరీ సంతోషం. కళాకారులు నిర్భయంగా ఉండాలని నేను ఇప్పటికే అందరినీ హెచ్చరించాను. ఈ సినిమాలో నా పాత్ర ఇంకొకరు వేయడం మాత్రం నన్ను బాధించింది. నేను బతికే ఉన్నాను కదా?”

అలక ఎక్కడుందో గోపికృష్ణకు తెలిసిపోయింది. మరుసటి వారమే చిత్రీకరణ జరిగింది. సోలార్ పలకల మధ్య దారిలో వెంకటేశప్ప నడిచి వచ్చాడు. దూరం నుంచి ఒకసారి, దగ్గర నుంచి ఒకసారి, డ్రోన్ మీంచి ఒకసారి. నల్లని పలకల్లో ఆయన ప్రతిబింబాలు వరసగా పడ్డాయి. తాలూకా నిండా తానే ఉన్నట్టు చూసుకుని ఆయన కళ్ళు చెమర్చాయి.

ఇది తెలిసి ఎదుటి పక్షం నాయకుడు లింగప్ప అలిగాడు. ఆయన్నీ నడిపించారు. ఏ పక్షమో ఇంకా తేల్చుకోని గంగప్ప రెండు రకాల కండువాలతో నడిచాడు. ఒకప్పటి పంచాయతీ అధ్యక్షులు, కాబోయే అధ్యక్షులు, వాళ్ళ బావమరుదులు నడిచారు. నడిచేవాళ్ళకు చోటు కావాలి కాబట్టి కథలోంచి ఒక్కొక్కటే తప్పుకుంది. ఏప్రిల్ మనవి పోయింది. దాసప్ప పోయాడు. తన తలైనా ఒక్కసారి చూపించమని అతను బతిమాలాడు. కిరీటం లేనందువల్ల కుదరలేదు. చివరికి సినిమాలో ఎండ, నడక, గులాబీ రేకులు మిగిలాయి. పైగా నీతి కూడా ఒకటి మిగిలింది: అందరూ కలిసి నడవాలి.

అడ్డం వచ్చింది తిప్పమ్మ మాట ఒక్కటే.

“దాన్ని ముట్టుకుంటే నేను కంప్యూటరు దగ్గర కూచోను,” అంది నయన.

“తీసేయడం ల్యా. మాటకాడ మ్యూజిక్ వేస్తాము, మొగం మింద కొంచెం రేకులు. మనిషి ఉంటాది కదా?”

“మనిషేల? ఆమెనూ తీసి, ఆ గొర్రెల్నే నడిపీ. అవన్నా ఏమీ అడగవు.”

గోపికృష్ణ గులాబీ రేకుల ఫైలు తెరిచాడు.

“అయితే బోర్డు మింద నుంచి నా పేరు తీసేయి,” అని నయన లేచి ఇంటికి పోయింది.

భార్య అలిగిందని గోపికృష్ణకు అర్థమైంది. నియమం ప్రకారం మరునాడే కొత్త బోర్డు చేయించాడు. అందులో ‘నయన’ అన్న అక్షరాలు ఇదివరకటి కంటే రెట్టింపు ఉన్నాయి, చుట్టూ లైట్లు కూడా. ఆమె వచ్చి చూసి, ఒక్క మాటా అనకుండా వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. బోర్డు నచ్చిందని అతను రాసుకున్నాడు, మనసులో.

తిప్పమ్మకు మాత్రం అలగడం తెలీదు. ఆమె నిడివి తగ్గడానికి అదొక్కటే కారణం. సంతకు వచ్చినప్పుడల్లా మిద్దె ఎక్కి అడిగేది.

“నా మాట ఉండాదా, గోపీ?”

“ఉండాది పెద్దమ్మా.”

“మొగం?”

“మొగం కూడా ఉండాది.”

“మీ నాయన ఉండుంటే సంతోషపడునప్పా,” అని ఆమె కొంగులోంచి రెండు ఉడకబెట్టిన చెనక్కాయలు తీసి మేజా మీద పెట్టి పోయేది. అబద్ధం చెప్పినట్టు అతనికి అనిపించేది కాదు. మాట ఉంది, సంగీతం కింద. మొగం ఉంది, రేకుల వెనక. అతను ఆ చెనక్కాయలు తినకుండా, పారేయకుండా, వాటికేసి చూడకుండా పని చేసుకునేవాడు.

ప్రదర్శన ఒక ఆదివారం సాయంత్రం కల్యాణ మంటపంలో జరిగింది. వధూవరుల సింహాసనాల మీద వెంకటేశప్ప, లింగప్ప కూర్చున్నారు. ఎవరు ఏ వైపు అన్న చర్చతో ఆట కాస్త ఆలస్యమైంది. తిప్పమ్మ కొత్త చీర కట్టుకుని రెండో వరసలో కూర్చుంది. నడిచేవాళ్ళందరూ నడిచారు. జనం సోలార్ పలకలంత ఓపికగా చూశారు. చిట్టచివర తిప్పమ్మ గొర్రెలతో ముందుకు వచ్చింది. ఆమె నోరు తెరవగానే నాదస్వరం మోగింది. మొగం మీద గులాబీ రేకులు రాలాయి. రెండో వరసలో అసలు తిప్పమ్మ రేకుల సందుల్లోంచి తనను వెతుక్కుంటూ ముందుకు వంగింది.

సరిగ్గా అప్పుడు, హాలు వెనక నుంచి ఎవరో అన్నారు: “ఎండ నువ్వే తెచ్చినావు, సరేప్పా.”

మిగతాది హాలంతా అందుకుంది. ఆడవాళ్ళు, మగవాళ్ళు, వంటవాళ్ళు, వెంకటేశప్ప యువసేన సభ్యులు అందరూ ఒక్క గొంతుతో అడిగారు. మా తాత నెత్తి దేనికి కాలె? ఫోన్లలో విని విని అందరికీ నోటికి వచ్చేసింది. నాదస్వరం వినిపించకుండా పోయింది. ఆ తర్వాత నవ్వు. కుర్చీలు కదిలేంత నవ్వు. సింహాసనం మీద లింగప్ప నవ్వాడు, పక్కన ఉన్నది వెంకటేశప్ప కాబట్టి. వెంకటేశప్ప కూడా నవ్వబోయి, నవ్వుతున్నది దేనికో గుర్తొచ్చి, మధ్యలో ఆపుకుని, ఆ ముఖం ఏం చేసుకోవాలో తెలియక చేతులు జోడించాడు.

గోపికృష్ణ కుర్చీ అంచుకు జరిగాడు. మాట తన చేయి దాటి బతికింది. లైట్లు వేయగానే ఎవరైనా లేచి ఒక్క మాట అంటే చాలు, తాను కూడా లేచి అసలు సినిమా వేస్తానని అనుకున్నాడు. లైట్లు వెలిగాయి. అందరూ గంభీరంగా ఉన్నారు. ఒక్కొక్కరే వరసలో వెళ్ళి నాయకులకు దండలు వేశారు. ‘చానా పద్ధతిగా తీసినావప్పా’ అని గోపికృష్ణ భుజం తట్టారు. నవ్విన ఆ కాసేపూ అక్కడ ఉన్నది ఇంకెవరో అన్నట్టు, వాళ్ళు వెళ్ళిపోయాక తాము వచ్చినట్టు ప్రవర్తించారు.

తిప్పమ్మ మాత్రం కదలకుండా కూర్చుని ఉంది. “మొగం పడలేదు గోపీ,” అంది. తర్వాత నవ్వింది. “పోనీలేప్పా. అందురి నోట్లోనూ నేనే ఉండాను. ఇన్నావా, హాలంతా నేనే!”

మరునాడు నందీష్ వచ్చాడు. సభను వీడియో తీసింది కూడా నయన స్టూడియోనే కదా. నాయకుడు అది చూడాలనుకుంటున్నాడని చెప్పాడు. “సినిమా బాగుండాదన్నా. జనమే బాగలేరు. జనాన్ని కొంచెం ఎడిట్ చేయల్ల.”

గోపికృష్ణకు అది పెద్ద పనిగా తోచలేదు. ఒంటరిగానే కూర్చున్నాడు. నవ్వుల చోట పాత పెళ్ళిళ్ళ చప్పట్లు తెచ్చి వేశాడు. తెరుచుకున్న నోళ్ళు మూయించాడు. చేతులు కలిపించాడు. పని ముగిశాక నందీష్ తెర మీద వేలు పెట్టాడు.

“ఈ రెండో వరసలో ముసలామె చూడన్నా. అందురూ కొడ్తాంటే ఈమె ఒకతే ఒళ్ళో చేతులు పెట్టుకోనుండాది. ఎబ్బెట్టుగా ఉండాది.”

గోపికృష్ణ చేయి కొద్దిసేపు ఆగింది. ఎంతసేపని అడిగితే చెప్పలేం, ఆ ఆగడం వీడియోలో లేదు. తర్వాత ఏదో పెళ్ళిలో అక్షింతలు వేసి దులుపుకుంటున్న ఒక పెద్దావిడ చేతులు వెతికి తెచ్చి తిప్పమ్మకు అతికించాడు. చక్కగా కుదిరాయి.

సంతరోజు తిప్పమ్మ మిద్దె ఎక్కి వచ్చింది. తన నోటి మాట హాలంతా అంటుంటే మళ్ళీ ఒకసారి వినాలని ఆమె ఆశ. గోపికృష్ణ వేసి చూపించాడు. ఆమె చివరిదాకా చూసింది.

“నేనెప్పుడు చప్పట్లు కొడితిని?”

“కొడితివి పెద్దమ్మా. మర్చిపోయినావు.”

“ఆ చేతికి పచ్చబొట్టు ల్యాదే.”

“లైటింగుకు కనపడల్యా.”

తిప్పమ్మ తన రెండు చేతులూ ముందుకు చాచి, పచ్చబొట్టు వైపు చాలాసేపు చూసింది. తర్వాత ఆ చేతుల్ని మెల్లగా ఒకదాని దగ్గరికి ఒకటి తెచ్చి, కలుస్తాయేమో చూసింది. కలిశాయి. “అట్లయితే కొట్టుంటానులేప్పా,” అంది. ఆ రోజు మేజా మీద చెనక్కాయలు పెట్టడం మరిచిపోయి, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

సదరు వీడియో ఇప్పుడు స్టూడియో పేజీలో అందరికీ అందుబాటులో ఉంది. పాస్‌వర్డు మారలేదు. ఆనాడు మంటపానికి వచ్చినవారు చూసి ఆనందించగలరు. మీరు రాలేదంటారా? అంత తొందరపడి చెప్పకండి. ఒకసారి నాలుగో వరస చూడండి. చేతులు మీవి కాకపోవచ్చు. ముఖం మాత్రం మీదే.